స్థానిక నామం అన్న గడి

మొన్న మా మనవరాలు సింధు హైదరాబాదు నుంచి వస్తూ నా కోసం ఒక సీసా తెచ్చింది. నేలవేము మాత్రలట. నాకు ఒంట్లో నలతగా ఉంటోందని వాళ్ళమ్మతో ఫోనులో అన్న మాట దాని చెవిన పడిందట. సీసా మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద 'చేదు తెలియదు' అని పెద్ద అక్షరాల హామీ. కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివాను. నేలవేములోంచి చేదు తీసేస్తే ఏం మిగులుతుందో నాకు తెలియదు. మా నాయినలోంచి కోపం తీసేస్తే ఏం మిగులుతుందో మా అమ్మకూ తెలిసేది కాదు, ఆయనకు జ్వరం వచ్చిన ఆ ఒక్క ఏడాది తప్ప.

ఆ సీసా పుణ్యమా అని అటక మీది ఇనప్పెట్టె దింపించాను. అందులో అడుగున, కలరా ఉండల వాసనలో, నా బీఎస్సీ రెండో ఏటి హెర్బేరియం ఉంది. ఎండబెట్టిన మొక్కలను దళసరి కాగితాల మీద తెల్ల దారంతో కుట్టి, కింద లేబులు అంటించి, మార్కుల కోసం అప్పగించిన కట్ట అది. పదకొండో కాగితం మీద మొక్క కాఫీపొడి రంగుకు తిరిగింది గానీ కాండం ఇంకా నిటారుగానే ఉంది. లేబులు మీద శాస్త్రీయ నామం ఉంది, కుటుంబం ఉంది, దొరికిన చోటు అనంతగిరి అని ఉంది. స్థానిక నామం అన్న గడి మాత్రం ఖాళీ. దాని పక్కన ఎర్ర పెన్సిలుతో అర మార్కు కోసిన గుర్తు. 'అన్నీ రాసి ఇదొక్కటి మరిచిపోయావా అమ్మమ్మా?' అంది సింధు. మరిచిపోలేదు. ఆ గడి ఎందుకు ఖాళీగా ఉందో చెప్పాలంటే బుగ్గమ్మ గురించి చెప్పాలి.

మాది ధారూరు పక్క పల్లె. వ్యవసాయం పెదనాయనలకు వదిలి మా నాయిన తాండూరులో బండల వ్యాపారానికి దిగాడు. అందుకని మా ఇంట్లో నేల బండ, అరుగు బండ, నీళ్ళ తొట్టి బండ, ఆఖరికి నాయిన పడుకునేది కూడా ఎండాకాలమంతా బండ మీదే. బుగ్గమ్మ మాకు చుట్టమేం కాదు. అనంతగిరి గుట్ట కింది పల్లెలో మేకలు కాసుకునే గొల్లామె. మా నానమ్మకూ ఆమెకూ ఎప్పుడో కుదిరిన స్నేహం. ఏటా వానలు వెనకబట్టగానే వికారాబాదులో ప్యాసింజరు బండి ఎక్కి, ఒడిలో బట్టమూటతో తాండూరులో దిగేది. ఆ మూటను నేల మీద పెట్టేది కాదు. కూర్చున్నా, నీళ్ళు తాగినా ఒడిలోనే. మా ఇంటికి రాగానే నానమ్మ లేచి, పూజ సామాను తగిలించే కొయ్యకు ఆ మూటను తగిలించేది. ఆ వారం మా ఇంట్లో దేవుడు కొంచెం జరిగి కూర్చునేవాడు.

మర్నాటి నుంచి ఏడు రోజులు మా పిల్లల బతుకు చేదు. మూడు రాళ్ళ మీద మట్టి గురిగి పెట్టి, మూటలోని ఆకూ కాడా కలిపి నీళ్ళు సగానికి సగం మరిగేదాకా కాచేవాళ్ళు. ఇనుము తగలకూడదు, మూత పెట్టకూడదు. తడి గడ్డినీ పాత గోనెసంచినీ కలిపి ఉడకబెడితే ఎలా ఉంటుందో ఆ వాసన వాకిలి దాటి వీధిలోకి పోయేది. పరగడుపున నానమ్మ మొదలు అందరం వరసగా నిలబడాలి. చిన్న ఇత్తడి గిన్నెడు కషాయం, దాని వెంట గోటి అంత బెల్లం ముక్క. నాలుక మీద పడిన ఆ చేదు గొంతులోకి దిగి, చెవుల వెనక్కి పోయి, మధ్యాహ్నం పప్పన్నంలో మళ్ళీ కనిపించేది. తర్వాత జీవితంలో పెద్ద పెద్ద ఊళ్ళలో పేరున్న మిఠాయిలు తిన్నాను. ఆ బెల్లం ముక్కంత తీపి వస్తువు ఎవరూ అమ్మడం లేదు.

పిల్లల కడుపులో నులిపురుగులకు ఎంత, చలిజ్వరానికి ఎంత, ఒళ్ళు దురదలకు స్నానం నీళ్ళలో ఎంత అన్నది బుగ్గమ్మ చేతి పిడికిలికి తెలుసు. కొలిచేది పిడికిలితోనే, ఎవరి మందు వాళ్ళ పిడికిలితో. మా తమ్ముడు ఒకసారి తెలివిగా వేళ్ళు బిగించి పిడికిలి చిన్నది చేసి చూపిస్తే, 'గట్టిగ పట్టినోనికి గట్టి మందు' అని ఇంకో కాడ వేసింది. నాకు ఆమె మీద గౌరవం పుట్టింది మాత్రం ఆమె ఇచ్చిన మందు చూసి కాదు, ఇవ్వనన్న మందు చూసి. కడుపుతో ఉన్నవాళ్ళను గురిగి దగ్గరికే రానిచ్చేది కాదు. మా వీధిలో ఒకాయనను పాము కరిస్తే మనుషులు పరుగెత్తుకుంటూ ఈమె కోసం వచ్చారు. 'పాముకు గూడ పనిజేస్తదని అంటరు. నేనైతే ఎన్నడు సూడలె. సూడనిది ఇయ్య. దవాఖానకు ఉరుకుండ్రి, నా తాన నిలవడకుండ్రి' అని కసిరి పంపింది. ఆయన బతికాడు. నేను తర్వాత చాలామంది చదువుకున్న వాళ్ళను చూశాను. 'నేను చూడలేదు' అనగలిగిన వాళ్ళు తక్కువ.

అన్నీ చెప్పే మనిషి ఒక్కటి మాత్రం చెప్పేది కాదు, ఆ మొక్క పేరు. 'ఆమె' అనేది, అంతే. 'ఆమె ఈ ఏడు ఆలస్యంగ వచ్చింది', 'ఆమెకు నీడ తక్కువైంది', ఇలా. మా ఇంట్లో అందరం ఆమె అనే అనేవాళ్ళం, అత్తగారి గురించి మాట్లాడినట్టు. పేరు పైకి అంటే చేతిగుణం పోతుందని బుగ్గమ్మ వాళ్ళమ్మ చెప్పిందట. బతుకులో ఒక్కసారి, ఒక్కరి చెవిలోనే చెప్పాలి. చెప్పిన క్షణం నుంచి చెప్పినవాళ్ళ చేతిలోంచి గుణం పోయి, విన్నవాళ్ళ చేతిలోకి వస్తుంది. అందుకే కన్న కొడుకులకు కూడా ఆ మొక్కను చూపించకుండా, ఒక్కతే గుట్ట ఎక్కేది.

నేను హైదరాబాదులో హాస్టల్లో ఉండి వృక్షశాస్త్రం చదువుతున్న రోజులు. దసరా సెలవులకు తాండూరు వచ్చేసరికి నాయిన బండ మీద కాదు, మూడు రగ్గుల కింద ఉన్నాడు. రోజు విడిచి రోజు చలి. సర్కారు దవాఖాన డాక్టరు గారి మాత్రలకు జ్వరం నాలుగు రోజులు మర్యాదగా తప్పుకునేది, ఐదో రోజు తన సామాను మరిచిపోయినట్టు తిరిగి వచ్చేది. నెల అయింది. గద్దించే మనిషి గద్దించడం మానేశాడు. అమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని, కూరలో ఉప్పు ఎక్కువైందని కావాలని చెప్పేది, ఒక్క కేకైనా వేస్తాడేమోనని. ఆయన పరవాలేదన్నట్టు 'ఫికర్ లేదు' అని ముద్ద మింగేవాడు. అప్పుడు మాకు నిజంగా భయం వేసింది.

కబురు పంపితే బుగ్గమ్మ వచ్చింది. ఒడిలో మూట లేదు. చేతిలో కర్ర ఉంది.

'మోకాళ్ళు మొరాయించినయి పటేలమ్మా. గుట్ట మొదట్ల దాంక పోయి, కూసోని, ఏడ్చి మళ్ళొచ్చిన' అంది నానమ్మతో, అరుగు మీద కూలబడుతూ.

'మరెట్లనే? నీ కోడండ్లకు ఎవ్వలకన్న చెప్పి తెప్పియ్యరాదు?'

'చెప్తె నా చెయ్యి పోతది. చెప్పకుంటె నీ కొడుకు...' అని ఆగిపోయింది.

బుగ్గమ్మ తన కుడి అరచేతిని మోకాలి మీద బోర్లించి చూసుకుంటూ కూర్చుంది. చుట్టుపట్ల పదిహేను పల్లెల్లో జ్వరం వస్తే ఆ చేతి కోసమే వస్తారు. మేకలు కొడుకులవి, ఇల్లు కోడళ్ళది. ఆమెకంటూ ఉన్నది అదొక్కటే. మా నాయిన కోసం దాన్ని వదులుకొమ్మని ఎవరం అడగగలం?

పేరు చెప్పకుండా మొక్కను మాత్రం చెప్పమని, నేను తెస్తానని అన్నాను. చదువుకున్న గర్వం కొంచెం ఉంది ఆ మాటలో. బుగ్గమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. ఆదివారం పొద్దు పొడవకముందు తలస్నానం చేసి వెళ్ళాలి. నొచ్చుకోవద్దని అడిగి పీకాలి. ఇనుము తగలొద్దు, నేల తగలొద్దు. పీకినప్పటి నుంచి బుగ్గమ్మ చేతిలో పెట్టేదాకా ఒక్క మాట మాట్లాడొద్దు.

'కడమయి అన్ని అయితయి గని, ఆఖరిది కాదు' అంది నానమ్మ. 'నోరు మూసుకునేటోళ్ళు మా ఇంట్ల ఇంక పుట్టలే.'

'నీ పోలికే కదా నానమ్మా.'

'గదే చెప్తున్న.'

ఇక బుగ్గమ్మ చెప్పడం మొదలుపెట్టింది. 'మోదుగు చెట్ల కింద సూడు. ఎండల ఉండది, చీకట్ల ఉండది, నడిమిట్ల ఉంటది. మోకాలి ఎత్తు. కాడ గుండ్రం కాదు, వేళ్ళ నడుమ తిప్పితె నాలుగు మూలలు తలుగుతయి. ఆకులు రెండు ఇటు అటు, మీద రెండు అటు ఇటు. పువ్వు తెల్లగ, సన్నగ. లోపట ఎవరో వక్కేసుకోని ఊంచినట్టు గీత ఉంటది. మేకలు మొఖం తిప్పుకోని పోతయి.' నాలుగు పలకల కాండం, ఎదురెదురు పత్రాలు, పుష్పంలో ఊదా రంగు చారలు. మా ఆచార్యులు గంటన్నర పాఠంలో నల్లబల్ల నిండా రాసేది ఆమె తమలపాకు నమిలేలోపు చెప్పేసింది.

'మీ సార్లు ఆకును నాకి సూస్తరా?' అని అడిగింది.

'లేదవ్వా. భూతద్దం పెట్టి చూస్తారు.'

'నాలికె ఉండంగ అద్దమెందుకు?' అంది. ఈ ప్రశ్నకు జవాబు నేను ఎమ్మెస్సీలో కూడా చెప్పలేకపోయాను.

శనివారం మధ్యాహ్నం బండికి వికారాబాదులో మేనమామ ఇంటికి చేరాను. తెల్లవారుజామున తడి జుట్టుతో నేనూ, కంబళి కప్పుకుని మామా గుట్ట ఎక్కాం. మామ బడిపంతులు, మర్యాదస్తుడు. నేను మోదుగుల కింద కనిపించిన ప్రతి ఆకునూ కొరికి ఉమ్ముతుంటే అటు తిరిగి నిలబడ్డాడు. ఒకటి పుల్లన, ఒకటి జిగట, ఒకటి నాలుక మంట. తూర్పు తెల్లబడుతోంది. ఇంక దొరకదనుకుంటుండగా వేళ్ళ మధ్య ఒక కాడ నాలుగు మూలలుగా తగిలింది. ఆకు కొసను పంటి కింద పెట్టాను. నా చిన్నతనమంతా ఒక్కసారి నోట్లోకి వచ్చింది.

నొచ్చుకోవద్దని అడిగాను. పది కాడలు పీకాను. వేర్ల మట్టి దులుపుతూ, పువ్వులో ఆ గీత చూశాను. అంతే. పుస్తకంలో చూసిన బొమ్మ, బట్టీపట్టిన పేరు, చిన్నప్పటి చేదు మూడూ ఒకటేనని తెలిసిన సంబరంలో 'ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా' అని గుట్ట ప్రతిధ్వనించేలా అరిచాను.

'ఏమంటివి?' అన్నాడు మామ.

అప్పుడు తెలిసింది నేనేం చేశానో. మాట్లాడనే మాట్లాడాను. మాట్లాడింది దాని పేరు. ఆ మొక్కనే చేతిలో పట్టుకుని, దాని ముఖం మీదే. మళ్ళీ పీకుదామంటే సూర్యుడు వచ్చేశాడు. ఇంకో ఆదివారం దాకా ఆగితే నాయిన ఆగుతాడా? మామకు సైగ చేసి, ఆ పది కాడలూ కొంగులో కట్టుకుని, దవడలు బిగించి గుట్ట దిగాను.

ఆ రైలు ప్రయాణం నా జీవితంలో అతి పొడవైనది. ధారూరు దగ్గర టీసీ వచ్చాడు. టికెట్టు చూపించాను. 'ఏ ఊరు బిడ్డా?' అన్నాడు. నవ్వాను. 'తాండూరా?' తల ఊపాను. 'ఒడిల ఏముంది?' కళ్ళు పైకెత్తి దేవుడిని చూపించాను. ఆయన ముఖం మెత్తబడింది. రైలు డబ్బాలో ఉన్న ఆడవాళ్ళ వైపు తిరిగి, 'పాపం, మూగపిల్ల. జర జాగ ఇయ్యుండ్రి' అన్నాడు. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదురుగా ఉన్న ఆమె జామకాయ పెట్టి, ఇంత చక్కటి పిల్లకు దేవుడు ఇట్ల చేసిండు చూడమని పక్కామెతో అంది. తాండూరు వచ్చేదాకా నా పెళ్ళి ఎలా అవుతుందన్న పరేషానులో ఉన్నారు వాళ్ళు. నన్ను గురించి అంత మంచి మాటలు నేను మళ్ళీ వినలేదు. జవాబు చెప్పకుండా కూర్చోవడం ఎంత లాభమో కూడా మళ్ళీ తెలుసుకోలేదు.

ఇంటికి వచ్చి కొంగు విప్పి బుగ్గమ్మ దోసిట్లో పెట్టాను. ఆమె ఒక ఆకు చిదిమి నాలుకకు రాసుకుని, 'ఆమెనే' అంది. నానమ్మ ముఖం వెలిగింది. అమ్మ గురిగి కోసం లేచింది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మామ చెప్పే మనిషి కాదు. కానీ మంచం మీద నాయిన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ మందు పనిచేయకపోతే కారణం నాకొక్కదానికే తెలిసి ఉంటుంది, అది పట్టుకుని నేను బతకాలి.

'అవ్వా, నేను మాట్లాడిన. దాని పేరు పైకి అన్న' అన్నాను.

నానమ్మ 'నేను చెప్పలేదా' అన్నట్టు గోడకు ఆనుకుంది. బుగ్గమ్మ ముఖంలో రంగు పోయింది. దోసిట్లో ఆకు పట్టుకునే ఉంది, కిందికి దించలేదు.

'నీకెట్ల ఎరుక పేరు? నేను చెప్పకపోతి.'

'పుస్తకంల ఉన్న పేరు అవ్వా. మన పేరు కాదు.'

'ఏం మాటల ఉన్నది? తురకమా? ఇంగిలీషా?'

'లాటిన్ అని.'

'గదేడ మాట్లాడుతరు?'

'ఎక్కడా మాట్లాడరు. ఎప్పుడో మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు అది చచ్చిపోయిన భాష.'

బుగ్గమ్మ చాలాసేపు ఆలోచించింది. పెద్దకోర్టులో తీర్పు కోసం నిలబడిన వాళ్ళు కూడా అంత ఊపిరి బిగబట్టి ఉండరు. చివరికి ఆమె భుజాలు దిగాయి.

'సచ్చిన మాటనా? ఇంకేం ఫికర్. సచ్చినోళ్ళు పిలిస్తె బతికినామె పలుకుతదా?' అని, అమ్మ వైపు తిరిగి, 'గురిగి పెట్టు తల్లీ' అంది.

ఏడు రోజులు కషాయం నడిచింది. డాక్టరు గారు గిన్నె వాసన చూసి, 'తాగండి, నా మాత్రలు మాత్రం మానకండి' అన్నారు. జ్వరం పోయింది, మళ్ళీ రాలేదు. మాత్రలని డాక్టరు గారు, ఆకు అని నానమ్మ, ఆ చేదుకు జడిసి పోయిందని నాయిన. వృక్షశాస్త్రం చదివిన నన్ను అడిగితే, నాకు తెలియదు. ఒక్క రోగిని చూసి ఏదీ తేల్చకూడదని మాకు నేర్పారు. తొమ్మిదో రోజు పప్పులో ఉప్పు ఎక్కువైందని నాయిన గిన్నె తోసేసి ఇల్లు ఎగిరిపోయేలా కేక వేశాడు. అమ్మ వంటింట్లోకి పోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

సెలవుల తర్వాత హైదరాబాదు బండిలో స్నేహితురాలితో పగలబడి నవ్వుతున్నాను. తల ఎత్తితే అదే టీసీ. టికెట్టు అడగడం మరిచిపోయాడు.

'మాట వచ్చిందా బిడ్డా?'

'వచ్చింది.'

'యాడికి పోయినవు? దర్గాకా?'

'అనంతగిరికి' అన్నాను. అబద్ధమేం కాదు. ఆ ఏడు గుట్ట మీది స్వామికి మొక్కులు పెరిగాయని మామ ఉత్తరం రాశాడు. నేను జవాబులో ఆ సంగతి ఎత్తలేదు.

మిగిలిన ఒక కాడను బుగ్గమ్మను అడిగే కాగితాల మధ్య పెట్టుకున్నాను. స్థానిక నామం అన్న గడిలో పుస్తకంలోంచి నేలవేము అని ఎత్తిరాయొచ్చు. కానీ ఆ ప్రాంతం మనిషి నోటి నుంచి విన్న పేరే రాయాలని మా ఆచార్యుల నియమం. నాకు తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె చెప్పలేదు. గడి ఖాళీగా ఇచ్చాను.

నాలుగేళ్ళ తర్వాత, నాకు లెక్చరరు ఉద్యోగం వచ్చిన వేసవిలో, బుగ్గమ్మ కళ్ళకు పొరలు కమ్మి, చేయి పట్టుకుంటే తప్ప నడవలేని స్థితిలో మా ఇంటికి వచ్చింది. నన్ను అరుగు మీదికి పిలిచింది. కోడళ్ళు ఉండగా నాకెందుకని నేనే అడిగాను. 'ఆనాడు నోరు జారినవని నువ్వే చెప్పకపోతె నాకు తెలుస్తుండెనా?' అంది. నా చెవిని వెతుక్కుని, అందులో ఒక మాట చెప్పింది. అది నేలవేము కాదు. ఆ తర్వాత ఎవరు వచ్చి అడిగినా, 'నా చేతుల లేదు. పటేలమ్మ మనుమరాలి తాన ఉన్నది' అనేదట. కుడిచేయి కొంగు కింద దాచుకుని కూర్చునేదట.

ఆ చేయి నాతో వచ్చి ఏం చేసింది? ముప్పై ఏళ్ళు సుద్దముక్క పట్టుకుంది. పాఠాలు బాగానే చెప్పాను. ఒక్కరికి ఒక్క గిన్నె కషాయం కాచివ్వలేదు. పదిహేను పల్లెలు తిరిగిన గుణం నా దగ్గరికి వచ్చి పింఛను తీసుకుంటోంది. ఇప్పుడు జ్వరాలకు మంచి మందులు ఉన్నాయి, దవాఖానలు దగ్గరయ్యాయి, అందుకు నాకు సంతోషమే. కానీ ఎవరి పిడికిలితో వాళ్ళకు మందు కొలిచిన మనిషిని తలుచుకుని, అందరికీ ఒకే కొలత రాసి పెట్టిన ఈ సీసాను చూస్తే, చేదు పోయింది ఒక్క ఆకులోంచే కాదనిపిస్తుంది.

ఇదంతా విన్న సింధు 'ఆ పేరు నాకు చెప్పు' అంది. ఆదివారం పొద్దున్నే స్నానం చేసి రమ్మన్నాను. నేనిప్పుడు ఉంటున్న వికారాబాదు ఇంటి నుంచి గుట్టకు ఆటోలో వెళ్ళాం. నా మోకాళ్ళు కూడా ఇప్పుడు మొరాయిస్తాయి కనుక నేను కింద రాయి మీద కూర్చున్నాను. కాడ గుర్తులు చెప్పి పంపాను. అది తిరిగి వచ్చేసరికి చున్నీలో మూట, ముఖంలో చేదు. ఆటోలో దాని ఫోను మూడుసార్లు మోగింది, తీయలేదు. ఆటో అతను 'పాపకు మాటలు రావా అమ్మా?' అన్నాడు. దారి పొడవునా మాట్లాడింది నేనే. మా ఇంట్లో ఆ లోపం ఇంకా అలాగే ఉంది.

ఇంటికి వచ్చి మూట నా దోసిట్లో పెట్టింది. ఆకు చిదిమి నాలుకకు రాసుకున్నాను. ఆమెనే.

'అమ్మమ్మా, ఒకటి చెప్పాలి' అంది నేల చూస్తూ. 'అదో కాదో అని పీకాక ఫోనుతో ఫోటో తీశాను. అందులో పేరు వచ్చేసింది. అలవాటుగా పైకి చదివాను.'

'ఏ భాషలో?'

'లాటిన్ అనుకుంటా.'

'ఫికర్ లేదు' అని, దాన్ని దగ్గరికి రమ్మని, చెవి మీద జుట్టు పక్కకు తీశాను.